ఏమవుతారు మీకు?

2022 నవంబరు 14, కార్తీక సోమవారం. మా బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుణ్ణి చూసుకుని ఎక్కినవాళ్ళంతా భీమవరం సోమేశ్వరుడి దగ్గరికి పోతున్నారు. చేతుల్లో తడిబట్టల సంచులు, కొబ్బరిచిప్పలు, మొహాల్లో ఉపవాసం నీరసం. నేను టికెట్లు కొట్టే టిమ్ మిషను నొక్కుకుంటూ, "ముందుకి జరగండమ్మా, ముందుకి" అంటూ వెనక్కి పోతున్నాను. చివరి సీట్లో ఒక కుర్రాడు సెల్లు చూసుకుంటూ పక్కవాడితో అన్నాడు: "సూపర్ స్టార్ కృష్ణకి సీరియస్సంట్రా. తెల్లారగట్ట ఆస్పత్రిలో చేర్చారంట."

వాడికి ఇవ్వాల్సిన చిల్లర ఇంకెవరి చేతిలోనో పెట్టేశాను. ఆ ఇంకెవరో కూడా మాట్లాడకుండా పుచ్చుకున్నారు, అది వేరే సంగతి.

మర్నాడు మంగళవారం తెల్లవారుజామున ఆయన పోయారు. నాకు ఫోను చేసింది మా డ్రైవరు బాబాయ్. సొంత బాబాయ్ కాదు, పదకొండేళ్ళు ఒకే బస్సు మీద తిరిగితే అయ్యే బాబాయ్. ఆయన కృష్ణంరాజు గారి మనిషి. సెప్టెంబరు 11న కృష్ణంరాజు గారు పోయినప్పుడు ఆయనకి ముందుగా ఫోను చేసింది నేనే. ఇప్పుడు ఆ బాకీ తీర్చినట్టు, "ఒరే, మీవాడు వెళ్ళిపోయాడ్రా" అన్నాడు.

"ఎప్పుడు బాబాయ్" అనబోయాను. ఎప్పుడు అన్నంతవరకూ వచ్చింది. 'బా' దగ్గర పెదాలు అతుక్కుపోయాయి. మెడనరాలు బిగుసుకున్నాయి. ఫోనులో నా ఊపిరి చప్పుడు నాకే వినపడుతోంది. "ఉన్నావా? లైన్లో ఉన్నావా?" అని రెండుసార్లు అడిగి ఆయన పెట్టేశాడు.

నాకు ఏడుపు రాలేదు. నత్తి వచ్చింది. నలభై రెండేళ్ళ తరవాత.

ఆ నత్తి సంగతి చెప్పకపోతే ఈ గొడవంతా మీకు అర్థం కాదు. చిన్నప్పుడు నాకు క, ప, త, బ నాలుగూ శత్రువులే. బళ్ళో హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనలేక చెయ్యెత్తేవాణ్ణి. మా మేష్టారు పుస్తకంలోంచి తలెత్తకుండా పిలిచే రకం. మాట వినపడకపోతే ఆబ్సెంటే. రోజూ బడికెళ్ళి కూడా ఆ ఏడు నా హాజరు సగానికి సగం. మా మామ్మ వసకొమ్ము తేనెలో అరగదీసి నాలిక మీద రాసేది. వస పోసిన పిల్లాడు ఊరుకోమన్నా ఊరుకోడని ఆవిడ నమ్మకం. నాకు మటుకు నాలిక మండటం తప్ప ఏమీ జరగలేదు.

1979లో నేను నాలుగో తరగతి. మార్గశిరంలో మా ఊరి సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం వచ్చింది. సార్వా కోతలు కొన్ని అయ్యి, కొన్ని కాక ఉండే రోజులు. గుడి పక్క కోసిన చేలో రెండు సరుగుడు బాదులు పాతి, తెల్లగుడ్డ కట్టి, 16 ఎంఎం ప్రొజెక్టరుతో సినిమా వేసేవారు. ఆ ఏడు వేసింది 'అల్లూరి సీతారామరాజు'. సినిమా వచ్చి అప్పటికి అయిదేళ్ళు దాటింది. 1974 మే 1న విడుదలైంది. అసలు రాజుగారు కొయ్యూరులో తుపాకీ గుళ్ళకి బలైంది 1924 మే 7న, అంటే యాభయ్యేళ్ళు నిండడానికి వారం ముందన్నమాట. ఈ లెక్కలన్నీ పెద్దయ్యాక కూడబెట్టుకున్నవి. ఆ రాత్రి నాకు తెలిసింది చలి ఒక్కటే.

తెర ముందు జాగా లేదు. పిల్లలమంతా తెర వెనక్కి వెళ్ళి, మోళ్ళు గుచ్చుకోకుండా గడ్డి పరుచుకుని కూచున్నాం. గుడ్డ తెర కాబట్టి వెనక నుంచి చూసినా బొమ్మ కనపడుతుంది, కాకపోతే ఎడమది కుడి, కుడిది ఎడమ. పేర్లు అద్దంలో అక్షరాల్లా పడ్డాయి. రాజుగారు ఎడంచేత్తో విల్లు లాగుతున్నాడు.

ఇంకో తమాషా ఉంది. తెలుగులో అది మొదటి సినిమాస్కోపు సినిమా. స్కోపు బొమ్మకి ప్రొజెక్టరు ముందు వేరే లెన్సు బిగించాలి. బిగించకపోతే బొమ్మ రెండు పక్కలా నొక్కేసినట్టు పడుతుంది. మా ఊరొచ్చిన ఆపరేటరు దగ్గర ఆ లెన్సు లేదు. మనుషులంతా సరుగుడు చెట్లలా సన్నగా, పొడుగ్గా ఉన్నారు. గుర్రాలు ఒంటెల్లా ఉన్నాయి. నేను మొదట చూసిన కృష్ణ ఏడడుగుల మనిషి, ఎడంచేతివాటం. చాలా ఏళ్ళకి పాలకొల్లులో హాల్లో అదే సినిమా చూస్తే, ఈయనెవరో పొట్టిగా ఉన్నాడే అనిపించింది.

ఆఖర్న పట్టుబడ్డ రాజుగారు రూథర్‌ఫర్డ్ దొర ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. దొర వేషం జగ్గయ్య గారిది. ఆ గొంతు కంచు. దాని ముందు కృష్ణ గొంతు సన్నం. అయినా తగ్గలేదు. అరవడు, మాటకీ మాటకీ మధ్య ఆగుతాడు. ఆ ఆగడం విని నేను గడ్డి మీద లేచి కూచున్నాను. మాటల మధ్య ఆగడం నాకూ ఉంది. నేనాగితే బడంతా నవ్వేది. ఆయన ఆగితే చేనంతా ఊపిరి బిగబట్టింది.

ఆ సినిమా మాటలు రికార్డుగా ఉండేవి. ఏ పెళ్ళికి మైకు సెట్టు కట్టినా ఎప్పుడో ఒకప్పుడు ఆ రికార్డు పడాల్సిందే. ఎక్కడ మైకు మోగితే అక్కడికి కాలవ గట్టంట నడిచి పోయేవాణ్ణి. పిలవని పెళ్ళిళ్ళకి అంతగా వెళ్ళినవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. విని విని బట్టీ పట్టి, పశువుల పాకలో మా గేదెని రూథర్‌ఫర్డ్‌ని చేసి చెప్పేవాణ్ణి. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు. 'క' రాలింది, 'ప' రాలింది. 1980 ఆగస్టు 15న బళ్ళో ఏకపాత్రాభినయానికి గడ్డం అంటించుకుని నిలబడి మొత్తం చెప్పేశాను. మా మేష్టారు ఆ రోజు తలెత్తి చూశారు. బహుమతిగా ఇచ్చిన సబ్బుపెట్టె ఇంకా ఉంది.

పాట పాడేటప్పుడూ వేషం కట్టినప్పుడూ నత్తి రాకపోవడం చాలామందిలో ఉన్నదేనని మా బస్సులో రోజూ వెళ్ళే ఒక డాక్టరుగారు చెప్పారు. మరి నాకు పూర్తిగా ఎలా పోయిందండీ అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు. నా మటుకు నాకు తెలుసు. నేను వేషం తియ్యలేదు, అంతే. పెళ్ళిచూపుల్లో మాట్లాడింది ఆ గొంతే. కండక్టరు ఉద్యోగానికి ఇంటర్వ్యూలో మాట్లాడింది ఆ గొంతే. "పాలకొల్లు... వీరవాసరం... భీమవరం" అని ఇన్నేళ్ళూ అరిచిందీ అదే. తమకి స్టాపులు చెబుతున్నది మన్యం వీరుడని పాపం ప్రయాణికులకి తెలీదు.

అలాంటిది మంగళవారం పొద్దున్న మా ఆవిడ "కాఫీ పెట్టనా?" అంటే పెట్టమని కూడా అనలేకపోయాను. పెళ్ళైన ఇరవయ్యారేళ్ళలో ఆవిడ నా నత్తి వినలేదు. పక్షవాతమేమోనని భయపడి నా మూతి అటూ ఇటూ తిప్పి చూసింది.

బుధవారం హైదరాబాదులో దహనం అన్నారు. రాత్రి బస్సెక్కితే అందుకోవచ్చు. డిపోకెళ్ళి సెలవు కాయితం తీసుకున్నాను. కౌంటరు దగ్గర కుర్రాడు కొత్తవాడు, మర్యాదగానే అడిగాడు: "ఎవరు పోయారండీ? ఏమవుతారు మీకు?"

నేను "క... క... క..." అన్నాను.

"కజిన్ బ్రదరా?" అన్నాడు పాపం.

అవునంటే సరిపోయేది. తలకాయ అడ్డంగా ఊపాను. సెలవు దొరకలేదు. కార్తీక మాసం, స్పెషల్ బస్సులు, మనుషులు చాలరు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఎవరైనా అదే అడుగుతారు. నాకే జవాబు తెలీలేదు.

బుధవారం ఏలూరు డ్యూటీ. టికెట్లు సైగలతో కొట్టాను, స్టాపులు బాబాయ్ స్టీరింగు దగ్గర్నుంచి అరిచాడు. భీమవరం దాటుతుంటే, ఆ జులై 4న ప్రధాని ఆవిష్కరించిన రాజుగారి 30 అడుగుల కంచు విగ్రహం గుర్తొచ్చింది. రాజుగారి వంశం ఊరు మోగల్లు అక్కడికి దగ్గరే. ఆ విగ్రహం మొదటిసారి చూసినప్పుడు నాకు తోచిన మాట చెబితే రాజుగారి ఊరివాళ్ళు తంతారు: 'అచ్చం కృష్ణలా లేడే!' అసలు మనిషి ఇరవయ్యారేళ్ళకే పోయాడు. నకలు డెబ్భై తొమ్మిదేళ్ళు బతికి, ముసలాడై, మంగళవారం పోయాడు. నేను ఏడవాల్సింది ఎవరి కోసమో కూడా ఆ పూట తేలలేదు.

ఏలూరులో సి.ఆర్. రెడ్డి కాలేజీ ఉంది కదా, ఆయన డిగ్రీ చదివింది అక్కడే. 1989లో ఎంపీగా గెలిచిందీ ఏలూరు నుంచే. ఆ ఎలక్షన్లప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. పని మానేసి ఏలూరు వెళ్ళి, జనంలో నలిగి, ఆయన్ని చూశాను. జన్మలో చూడ్డం అదొక్కసారే. మైకు అందుకున్నాడు. నేను పశువుల పాకలోలాగా గుండె బిగించి నిలబడ్డాను. ఆయన నెమ్మదిగా, మొహమాటంగా నాలుగు ముక్కలు మాట్లాడి, నమస్కారం పెట్టి మైకు పక్కవాళ్ళకిచ్చేశాడు. అంతే. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. మోసపోయాననిపించింది. ఆ సినిమాలో మాటలు రాసింది త్రిపురనేని మహారథి గారని అప్పటికే తెలుసు, కానీ ఆ సంగతి తగలాల్సిన చోట తగల్లేదు. ముప్పై మూడేళ్ళ తరవాత అదే ఊళ్ళో బస్టాండు బెంచీ మీద క్యారేజీ విప్పకుండా కూచుంటే తగిలింది. ఆయనకీ నాకూ కూడా మాటలు ఎవరో ఒకరు రాసివ్వాల్సిందే.

ఫోనులో పద్మాలయా స్టూడియో నుంచి బళ్ళు కదిలాయి. మహాప్రస్థానం శ్మశానంలో పోలీసుల వందనం. కొడుకు మొహం చూడలేకపోయాను. జనవరిలో అన్న, సెప్టెంబరులో తల్లి, నవంబరులో తండ్రి. అప్పటిదాకా నేను కృష్ణని ఎవరికో తండ్రిగా అనుకోలేదు. పెద్దకొడుకు పోయిన తరవాత ఆ మనిషి ఇంట్లో ఆ పది నెలలూ ఎలా కూచున్నాడో అనుకోలేదు. ఏదో ఒక సినిమా పోయిందనో ఆడిందనో తప్ప, ఆయన గురించి దిగులు పడిన రోజు నా జన్మలో లేదు.

ఒకటి మాత్రం ఎప్పుడూ మనసులో ఉండేది, ఆ పూట మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆ సినిమా తీస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు గారు చనిపోయారు. మిగతాది కృష్ణే నడిపించాడు. కానీ తెర మీద దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు, పోయినాయన పేరే ఉంచాడు. తెర వెనక కూచున్న నాకు ఆ పేరు తిరగబడి కనపడింది గానీ, ఉంది.

ఊళ్ళో కుర్రాళ్ళు ఫ్లెక్సీ కట్టారు, పులిహోర పంచారు. అందులో ఒకడు గుండు చేయించుకున్నాడు. నేనూ చేయించుకుందామని సైగ చేస్తే మా అమ్మ మంచం మీంచి లేచింది: "నేనింకా గుండ్రాయిలా ఉండగా నీకు గుండేమిట్రా?" ఆ ముచ్చట అక్కడితో ఆగింది.

దారి చూపించింది బాబాయే. ఆయన హీరో కృష్ణంరాజు గారికి సొంతూరు మొగల్తూరు ఉంది. సెప్టెంబరు 29న ఊరంతా సంతర్పణ చేశారు. వేలకి వేల మంది తిని చేతులు కడుక్కున్నారు. ఆయనా వెళ్ళి విస్తట్లో కూచుని, తిని, తేలికపడి వచ్చాడు. "మీవాడిది ఎక్కడో తెనాలి పక్క బుర్రిపాలెం. నీకిక్కడ విస్తరెవరేస్తార్రా? రేవుకి పోయి రెండు దోసిళ్ళు నీళ్ళు వదిలెయ్. నాన్నకి వదుల్తావుగా, అలాగే" అన్నాడు.

నవంబరు 23, కార్తీక అమావాస్య. నరసాపురం వలంధర రేవు మెట్ల మీద జనం. వశిష్ఠ గోదావరి పాటు మీదుంది, కింది రెండు మెట్లూ నాచుతో బయటపడ్డాయి. మా నాన్నకి ఏటా చేయించే పంతులుగారి దగ్గరే కూచున్నాను. నాన్నకి అయింది. ఇంకొకరున్నారని వేలు చూపించాను.

"ఎవరండీ? ఏమవుతారు మీకు?"

మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి కాయితం తీసుకెళ్ళాను, రాసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, నా మొహం చూసి, నవ్వలేదు. అందుకు ఆయనకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను. "రక్తసంబంధం లేకపోయినా వదలొచ్చండీ. గురువుకీ, స్నేహితుడికీ, అన్నం పెట్టినవాడికీ, అందరికీ ఉంది. కారుణ్యం కింద వస్తారు. గోత్రం?"

తెలీదన్నట్టు చెయ్యి తిప్పాను. తెలియనప్పుడు కాశ్యప గోత్రం అన్నారు. తువ్వాలు కుడిభుజం మీదికి మార్చుకోమన్నారు. దర్భ ఉంగరం, అరచేతిలో నువ్వులు, దక్షిణం వైపు మొహం. "పేరు మీ నోటితో మీరే చెప్పాలండీ."

కృ. నా శత్రువుల్లో పెద్ద శత్రువు. నోరు తెరిచాను, గొంతు మూసుకుపోయింది. నువ్వులు చెమటకి తడిసి వేళ్ళ మధ్య జారుతున్నాయి. వెనక వరసలో ఎవరో "తొందరగా కానివ్వండి, పాటు అయిపోతోంది" అన్నారు. పంతులుగారు కదల్లేదు. కాసేపటికి, "ఇంట్లో పెట్టిన పూర్తి పేరు ఉంటుంది కదండీ, అది చెప్పండి" అన్నారు.

శివరామకృష్ణమూర్తి.

'శ' నాకెప్పుడూ అడ్డం రాలేదు. మొదటి అక్షరం దాటితే మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి, నత్తి ఉన్నవాళ్ళకి ఇది తెలుసు. మూడుసార్లు చెప్పాను. ఆ పేరుతో ఆయన్ని నేనెప్పుడూ అనుకోలేదు. అది ఫ్లెక్సీ మీద ఉండే పేరు కాదు. బుర్రిపాలెంలో ఎవరో తల్లి అన్నానికి పిలిచిన పేరు. నీళ్ళు బొటనవేలి పక్క నుంచి జారి, నువ్వులతో సహా మెట్టు మీద పడి, గోదాట్లోకి పోయాయి. అవతల సఖినేటిపల్లి వైపు పంటు పోతోంది. అప్పుడొచ్చింది ఏడుపు. పెద్దగా ఏం కాదు. తువ్వాలుతో తుడుచుకుంటే స్నానం చేసిన నీళ్ళనుకుంటారు, అంతే.

అక్కడితో నత్తి పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు.

29న మా ఊరి షష్ఠి. గుడి పక్క చేను ఇప్పుడు లేఅవుటు. స్టేజీ, కుర్చీలు, ఎల్ఈడీ తెర. కృష్ణగారికి నివాళి అని కుర్రాళ్ళు నా పేరు పిలిచేశారు, "మావయ్యా, ఆ రాజుగారి డైలాగు ఒకటి" అని. నలభై రెండేళ్ళుగా ఏ షష్ఠికీ తప్పించుకోలేదు, ఇప్పుడెలా తప్పించుకుంటాను? స్టేజీ ఎక్కాను. నిలబడ్డాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు, ఎవరో "ష్" అన్నారు. వేషంలో ఉంటే ఆ డైలాగు వస్తుంది. ఆ రాత్రి నేను వేషంలో లేను. అప్పటిదాకా ఆయనలా మాట్లాడాను, ఆ రాత్రి ఆయనతో మాట్లాడదామని ఎక్కాను. దానికి నాకు ఎవరూ మాటలు రాసివ్వలేదు. "క... కృ... కృష్ణగారూ" అన్నాను, మైకులో. ఎంతసేపు పట్టిందో తెలీదు. "మీ గొంతు... ఇన్నేళ్ళు... వాడుకున్నానండి" అన్నాను. దిగిపోయాను. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలీలేదు.

తరవాత తెర మీద ఆ సినిమా బిట్లు వేశారు. శ్రీశ్రీ గారికి జాతీయ అవార్డు తెచ్చిన 'తెలుగు వీర లేవరా' వచ్చింది, జనం ఫోన్లు పైకెత్తారు. బొమ్మ నిక్కచ్చిగా ఉంది. మనుషులు మనుషులంత ఉన్నారు, బాణం కుడిచేత్తోనే లాగుతున్నాడు. నాకెందుకో కాలు నిలవలేదు. కుర్చీల పక్క నుంచి చీకట్లో నడిచి తెర వెనక్కి వెళ్ళాను.

వెనక వైర్లు ఉన్నాయి. ఇనప చట్రాలు, వాటికి బిగించిన పెట్టెలు, గుయ్యిమంటూ చిన్న ఫ్యాన్లు. ఒక కుర్రాడు బోర్లించిన బకెట్టు మీద కూచుని మజ్జిగ పులుసు అన్నం తింటున్నాడు.

"ఏం కావాలి మావయ్యా?" అన్నాడు.

"ఏం లేదు బాబూ" అన్నాను. 'బా' దగ్గర కొంచెం ఆగింది. వాడు చెయ్యి కడుక్కోకుండానే కాలితో ఇంకో బకెట్టు నా వైపు తోశాడు. బోర్లించుకుని కూచున్నాను. పాట అవతల మోగుతోంది.